హాల్లో స్తంభోద్భవం

అమలాపురంలో ఫ్లాటు కొనేముందు మేం చూడనిదంటూ లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా, వర్షాలకి వీధిలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, లిఫ్టులో బీరువా పడుతుందా, పక్కింటివాళ్లు ఎండుచేపలు వేపుతారా, అన్నీ ఆరా తీశాం. ప్లాను కాగితం మీద హాలుకీ డైనింగుకీ మధ్య మినపగింజంత నల్లటి చదరం ఒకటి కనబడితే జిరాక్సు మరక అనుకున్నాం. గృహప్రవేశం నాటికి ఆ మరక 9 అంగుళాల మందం, 18 అంగుళాల వెడల్పు, పదడుగుల ఎత్తు పెరిగి హాలు నడిబొడ్డున నిలబడి ఉంది. రెండో అంతస్తు కాబట్టి ఆవు వద్దనుకుని పెయ్యదూడని మెట్లెక్కించాం. అది లోపలికొచ్చి, స్తంభం ముందు ఓ క్షణం ఆగి, పక్కనుంచి తిరిగి వెళ్లింది. మా ఇంట్లో అడుగుపెట్టిన ప్రాణుల్లో దాని గురించి సలహా ఇవ్వనిది ఇప్పటిదాకా ఆ దూడ ఒక్కటే.

అక్కడే ఎందుకొచ్చిందండీ అని బిల్డరుగారిని అడిగాను. "పార్కింగండి" అన్నారు. నేనడిగింది హాలు గురించి. ఆయన విసుక్కోకుండా వివరించారు. కింద ఒక్కో కారుకీ రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు వదిలారట. కార్లు దయతలచి వదిలిన సందుల్లో స్తంభాలు లేస్తాయి. బంకమట్టిలోకి లోతుగా దింపిన పునాది దిమ్మెల (పైల్స్) మీద మొదలైన స్తంభం టెర్రస్ దాకా నిటారుగా పోవాల్సిందే. మధ్యలో మా సోఫా అడ్డొచ్చిందని నాలుగడుగులు పక్కకి జరగదు. అలా జరిపి దూలం మీద నిలబెడితే దాన్ని ఫ్లోటింగ్ కాలమ్ అంటారని, భూకంపం వస్తే అలాంటి బిల్డింగులే ముందు దెబ్బతింటాయని కూడా చెప్పారు. అంటే మా హాలుని గీసింది ఆర్కిటెక్టు కాదు, సెల్లార్లో నిలబడబోయే కారు. నాకు కారు లేదు. స్కూటరుంది. దాన్ని అదే స్తంభం పక్కన స్టాండేసి పెడుతున్నాను.

మేస్త్రీలు దాన్ని పిల్లరంటారు. ఇంజనీర్లు కాలమ్ అంటారు. మా ఆవిడ "అది" అంటుంది.

ఇంజనీరైన మా బావ ఒకసారి పెళ్లి శుభలేఖ వెనకాల లెక్క వేసి చూపించాడు. మా నెత్తిమీద నాలుగు స్లాబులు. ఒక్కో దాంట్లో ఈ స్తంభం వాటా ఓ 16 చదరపు మీటర్లు. గోడలు, బీరువాలు, మనుషులు కలిపి చదరపు మీటరుకి ఒక టన్ను వేసుకున్నా, 64 టన్నులు. నిండా ధాన్యం బస్తాలెక్కించిన పది చక్రాల లారీలు కనీసం రెండు మా హాల్లో ఒకదాని మీద ఒకటి నిలబడ్డట్టు. ఈ లెక్క పట్టుకుని అసోసియేషన్ మీటింగుకి వెళ్లి, మూడు, నాలుగు, అయిదు అంతస్తుల వాళ్ల బరువు నా హాల్లోంచి దిగుతోంది కాబట్టి వాళ్లు నాకు అద్దె కట్టాలని మర్యాదగా కోరాను. సభ ఆలోచనలో పడింది. అంతలో ఫస్ట్ ఫ్లోర్ మాస్టారు లేచి, "మరి మీ బరువు ఎవరి హాల్లోంచి దిగుతోందండీ?" అన్నారు. తర్వాతి అంశం నీళ్ల మోటారు.

సలహాల్లో మొదటిది వాస్తు సిద్ధాంతిగారిది. సింహద్వారానికి ఎదురుగా స్తంభం ఉంటే వేధ, అంటే గుమ్మానికి అడ్డుదోషం. నివారణ సులువే: స్తంభానికి పక్కన ఓ మూడడుగుల గోడ అతికించండి, అప్పుడది స్తంభం కాదు, గోడ చివర. దోషం పోతుంది. ఇంటీరియర్ డిజైనరు అమ్మాయి ఆ మాట వినగానే హాలు సగం అవుతుందని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఆవిడ దగ్గర మూడు మార్గాలున్నాయి. ఒకటి, స్తంభాన్ని చెట్టు చేయడం. పైన ప్లాస్టిక్ కొమ్మలు, ఆకులు, వాటి నిండా చిన్న లైట్లు. కిటికీ తీస్తే కొబ్బరిమట్ట చెయ్యి చాపి పలకరించే ఊళ్లో, సిమెంటుకి ఆకులు అతికించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండు, నాలుగు వైపులా అద్దాలు. "అసలు అక్కడ ఉన్నట్టే తెలీదు సార్" అంది. తెలీకపోతే మా మేనల్లుడు రోజుకి రెండుసార్లు నుదురు పగలగొట్టుకుంటాడు. మూడు, లూవర్స్. నిలువు గీతల చెక్క ప్యానెళ్లతో చుట్టేసి, లోపల పసుపు లైటు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మేం చదరపు అడుగు 4,800కి కొన్నాం. ఆ చొప్పున స్తంభం నిలబడ్డ నేల ఖరీదు 5,400 రూపాయలు. దాన్ని కనపడకుండా చేయడానికి వచ్చిన కొటేషన్ 62,000. జీఎస్టీ అదనం.

ఒప్పుకున్నాం. లైటు కోసం స్విచ్ బాక్స్ కావాలని ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చి స్తంభానికి ఉలి పెట్టాడు. అంతర్వేది నరసింహస్వామి నీడన బతికేవాళ్లం, స్తంభాన్ని కొట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఆ కుర్రాడు ఆలోచించలేదు. నాలుగు దెబ్బలకి ప్లాస్టరింగు రాలింది, మరో పదికి కాంక్రీటు పెచ్చు లేచింది, లోపల్నించి 16 ఎంఎం ఊచ బయటికి తొంగి చూసింది. పక్కన ఊచల్ని చుట్టి కట్టిన రింగు కూడా కనబడింది. మా ఆవిడ దణ్ణం పెట్టబోయి ఆగింది.

మేస్త్రీని పిలిపించాం. ఆయన చూసి, కుర్రాడి చేతిలోంచి ఉలి లాక్కుని తన సంచిలో వేసుకున్నాడు. "ఊచకి పైన అంగుళన్నర కాంక్రీటు ఊరికే ఎయ్యరండి బాబూ. ఆయ్, అసలే ఉప్పుగాలి. చెమ్మ తగిల్తే ఊచ తుప్పట్టి, ఉబ్బి, పైనున్నదంతా పగలగొట్టేత్తాదండి." ఆయన మాటకి పుస్తకం సాక్ష్యం కూడా ఉంది. ఆర్‌సీసీకి, అంటే ఊచలు పెట్టి పోసే కాంక్రీటుకి, వాడే నీళ్లలో ఉప్పు తాలూకు క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనుల ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456 అంటుంది. మా వైపు కొన్ని బోర్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గుంట పూడ్చి మేస్త్రీ ఒక షరతు పెట్టాడు. మూడు వైపులా ఏ చెక్కయినా కొట్టుకోండి, డైనింగు వైపు మాత్రం వదిలెయ్యండి. చిన్న బీటొచ్చినా, గోధుమరంగు చారొచ్చినా కంటికి కనబడాలి. ఒళ్లంతా దుప్పటి కప్పేస్తే డాక్టరు నాడి ఎక్కడ చూస్తాడు, అని ఆయన వాదన.

రాజమండ్రిలో పాత రైలు వంతెన ఉంది, హేవలాక్ వంతెన. 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆపేశారు. మోయాల్సిన రైలు లేకపోయినా స్తంభాలు మాత్రం గోదాట్లో అలాగే నిలబడి ఉన్నాయి. మనం పుష్కరాలకి వెళ్లినప్పుడల్లా వాటి ముందు ఫొటోలు దిగుతాం. వాటికి లూవర్స్ కొట్టించండని ఇంతవరకు ఎవరూ అర్జీ పెట్టినట్టు లేదు.

మా తాతగారిది మండువా లోగిలి. నడుమ ఆకాశం, చుట్టూ టేకు స్తంభాలు. ఆ రోజుల్లో టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదారి మీద వదిలేవారు, ఏజెన్సీ అడవుల్లోంచి రాజమండ్రి దాకా తేలుకుంటూ వచ్చేవి. ఆ ఇంట్లో స్తంభం అడ్డమని ఎవరూ అనగా వినలేదు. ఎవరి స్తంభం వాళ్లకుండేది. తాతగారిది వీధి గుమ్మం వైపుది, మామ్మది వంటింటి వైపుది. కూర్చుంటే తల ఎక్కడ ఆనుతుందో అక్కడ కొబ్బరినూనె మరక, నున్నగా, నల్లగా. మరక ఎత్తుని బట్టి మనిషిని చెప్పేవాళ్లం. మేం పిల్లలం వాటి మధ్య నాలుగు స్తంభాలాట ఆడేవాళ్లం. ఇప్పుడు మా అబ్బాయికి ఆ ఆట నేర్పాలన్నా మిగతా మూడు స్తంభాలూ పక్క ఫ్లాట్లలో ఉన్నాయి.

కిందటి నెల మా అమ్మ ఊరినుంచి వచ్చింది. 85,000 పెట్టి కొన్న సోఫా వైపు ఓసారి చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, స్తంభం మొదట్లో నేలమీద చతికిలబడి గోరుచిక్కుళ్లు ముందేసుకుంది. వెనక్కి ఆనగానే ఉలిక్కిపడింది. "ఇదేంట్రా, తడిక్కి ఆనుకున్నట్టుంది, వీపుకి గుచ్చుకుంటోంది" అంటూ పళ్లెంతో సహా తిరిగి మేస్త్రీ వదిలించిన నాలుగో వైపుకి జరిగింది. ఇరవై రోజులు అక్కడే. పేపరు అక్కడే, కాఫీ అక్కడే, సీరియల్ అక్కణ్ణుంచే మెడ తిప్పి. వెళ్లేనాటికి నేలనుంచి రెండున్నర అడుగుల ఎత్తున అరచేయంత మరక తేలింది.

నిన్న బ్యాలెన్స్ డబ్బు కోసం డిజైనరు అమ్మాయి వచ్చింది. ఆ మరక దగ్గర వంగి, వేలితో రాసి చూసి, ఫోన్లో రెండు ఫొటోలు తీసుకుంది.

"ఈ ఫినిష్ చాలా బాగుందండీ, ఏ కంపెనీది?"

"మా అత్తగారిది" అంది మా ఆవిడ.