వరద వచ్చిన ఇంటికి ఆదరణ కూడిక ఎప్పుడు?

2024 సెప్టెంబరు 1 ఆదివారం. నెలలో మొదటి ఆదివారం కాబట్టి చాలా క్రైస్తవ సంఘాల్లో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉండే రోజు. ఆ రోజే విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ఇళ్లలోకి బుడమేరు వాగు వచ్చింది. వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ కాలువ కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. మర్నాడు బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. నది నిండుగా ఉంటే కాలువ నీటికి దారి ఉండదు. గండ్లు పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. కొన్ని కాలనీల్లో అప్పటికీ నీరు పోలేదు.

ఆ వారంలో చర్చిలు, మసీదులు, గుళ్లు, కుర్రాళ్ల బృందాలు అన్నీ పులిహోర పొట్లాలు, నీళ్ల బాటిళ్లు పంచాయి. అందులో ఎవరినీ తప్పుపట్టలేం. కానీ క్రైస్తవ కుటుంబానికి తన సంఘం అసలు అవసరమయ్యేది ఆ తర్వాత. నీళ్లు తీసి, పడవలు వెళ్లిపోయి, కెమెరాలు సర్దేశాక. సరిగ్గా అప్పుడే మన సంఘాలకు ఏం చేయాలో తోచదు.

చావు ఇంట్లో అయితే ఎవరికీ చెప్పక్కర్లేదు. కబురు అందిన గంటలో కుర్చీలు వస్తాయి, పక్కింటి నుంచి అన్నం వస్తుంది, సమాధి తోట పని ఒకరు, పాస్టరు గారికి కబురు ఇంకొకరు చూసుకుంటారు. తర్వాత ఆదరణ కూడిక ఉంటుంది. దుఃఖపడే ఇంటిని అన్ని రోజులపాటు ఎలా మోయాలో తెలుగు క్రైస్తవులకు చేతికొచ్చిన విద్య. వరద ఇంటికి మాత్రం అలాంటి పద్ధతి లేదు. ఎవరూ పోలేదు కదా! అందుకే ఆదరణ కూడికకు బదులు నేరుగా కృతజ్ఞత కూడిక పెడతారు. గోడ ఇంకా తడిగానే ఉంటుంది, ఆ ఇంటాయన మైకు ముందు నిలబడి "దేవుడు మా ప్రాణాలు కాపాడాడు" అని సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. అది అబద్ధం కాదు. కాని ఆ మాట అనేశాక ఫ్రిజ్ పోయిందని, చిట్టీ డబ్బు కట్టలేకపోతున్నానని చెప్పుకునే దారి మూసుకుపోతుంది. చెబితే అవిశ్వాసం అనుకుంటారేమోనని భయం.

చాలా క్రైస్తవ ఇళ్లలో గోడ క్యాలెండరు మీద ఉండే వాగ్దానం యెషయా 43వ అధ్యాయంలోది. నీళ్లలో దాటినా తోడుంటాననీ, నదులు నీ మీద పొర్లిపారవనీ. బుడమేరు ఆ క్యాలెండరు మీదుగానే పొర్లిపారింది. ఈ ప్రశ్నను దాటవేసే బోధ కంటే, "నీళ్లు నా గొంతు దాకా వచ్చాయి" అని మొరపెట్టుకునే 69వ కీర్తనను ఆ ఆదివారం గట్టిగా చదివించడం మేలు. ఏడవడానికీ వాక్యంలో చోటుందని తెలిస్తే ఆ ఇంటాయన సాయం అడగడానికి నోరు తెరుస్తాడు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంత సేపూ మంచిపనే చేశారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

సరే, పక్కన కూర్చోవడం అంటే పనిలో దిగడం. సంఘానికి ఉన్న అసలు ఆస్తి డబ్బు కాదు, ఇల్లిల్లూ తెలియడం. మంగళవారం గృహ కూడిక ఎవరింట్లో జరుగుతుందో, మంచాన పడ్డ ముసలమ్మ ఏ సందులో ఉందో స్త్రీల మైత్రిలోని ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలియదు. పైగా ఇలాంటి కాలనీల సంఘాల్లో ఎలక్ట్రీషియన్లు, తాపీమేస్త్రీలు, పెయింటర్లు, మెకానిక్కులు బల్లల మీదే ఉంటారు. వాళ్ల పేర్లు, పని, ఫోన్ నంబరు ఒక కాగితం మీద ముందే ఉండాలి. వరద వచ్చాక రాయడం మొదలుపెడితే సగంమంది సొంత ఇల్లు కడుక్కుంటూ ఉంటారు.

ఇంట్లోకి ముందు వెళ్లాల్సింది ఎలక్ట్రీషియనే. ప్రార్థన గుమ్మం బయట చేసుకోవచ్చు. మీటరు దగ్గర మెయిన్ ఆపేసి, మునిగిన ప్రతి స్విచ్‌బోర్డూ విప్పాలి. పైకి ఆరినట్టు కనిపించినా గోడ పెట్టెలో, పైపులో బురద నీరు నిలిచే ఉంటుంది. బోర్డులు ఆరాక 500 వోల్టుల మెగ్గర్ మీటరుతో వైర్ల ఇన్సులేషన్ చూసి, ఒక్కొక్క లైనుకే కరెంటు ఇవ్వాలి. "లైటు వెలిగింది, ఇక పర్లేదు" అనేది ప్రమాదకరమైన పరీక్ష.

బురద తడిగా ఉండగానే తీసేయాలి. ఎండితే అది సిమెంటుతో సమానం. పార, వైపరు, రెండు బకెట్లు, గమ్‌బూట్లు, గ్లౌజులు ఉంటే నలుగురైదుగురు ఒక పూటలో రెండు గదుల ఇల్లు కడిగేయగలరు. పది ఇళ్లకు ఒక సెట్టు చర్చి గదిలో పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు. కాళ్లకు పుండ్లు, కోతలు ఉన్నవాళ్లను ఈ పనికి పంపకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. జ్వరం, పిక్కల నొప్పి వస్తే వరద నీటిలో దిగామని డాక్టరుకు చెప్పాలి.

బ్లీచింగ్ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, బురద మీదే పొడి చల్లడం. మట్టి, మురికి క్లోరిన్‌ను మింగేస్తాయి, క్రిములు అలాగే ఉంటాయి. ముందు కడిగి, తర్వాత పది లీటర్ల బకెట్టుకు 150 గ్రాముల బ్లీచింగ్ కలిపి, తేరిన నీటితో నేల, గోడల కింది భాగం తడిపి ఓ ఇరవై నిమిషాలు వదిలేయాలి. తలుపులు తెరిచే ఉంచాలి. బాత్రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ రెండూ ఒకే రోజు వాడకపోవడమే మంచిది. సంపు ఖాళీ చేసి రుద్ది కడిగాక, వెయ్యి లీటర్ల నీటికి 150 గ్రాముల లెక్కన కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున పారబోయాలి. విప్పి పెట్టిన పాత బ్లీచింగ్ సంచికి ఈ లెక్కలు పనిచేయవు, తేమ తగిలితే బలం పోతుంది.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది ఇంటివాళ్లకు తెమలని విషయం. దూది పరుపులు, ఉబ్బిన చెక్కపొట్టు అట్టల బీరువాలు, తడిసిన బియ్యం పోయినట్టే. బండిని మాత్రం కిక్ కొట్టకూడదు. ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారిందంటే లోపల నీళ్లు చేరినట్టు, ఆయిల్ తీసేసి రెండుసార్లు మార్చాలి. సంపు మోటారును వైండింగ్ షాపులో ఆరబెట్టించి వార్నిష్ పట్టిస్తే చాలాసార్లు బతుకుతుంది. ఇలాంటి చోట తెలిసినవాడి మాట ఒకటి వెయ్యి రూపాయల కానుక కంటే విలువైనది.

ఇక ఇంటి పెద్ద బైబిలు. దాని మొదటి పేజీల్లో పుట్టినరోజులు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, చావులు మూడు తరాల చేతిరాతలో ఉంటాయి. నీళ్లలో నానితే ఆ పల్చటి కాగితం ఇటుకలా గట్టిపడుతుంది. అందరూ చేసే తప్పు దాన్ని ఎండలో తెరిచి పెట్టడం, లేదా పేజీలు లాగి విడదీయడం. బురద పైపైన మంచినీటితో కడిగి, తెరవకుండా పాలిథిన్ సంచిలో పెట్టి, రెండు రోజుల్లోపు కరెంటున్న బంధువుల ఇంటి డీప్‌ఫ్రిజ్‌లో పెట్టాలి. బూజు ఆగిపోతుంది, కంగారు తగ్గుతుంది. తర్వాత వీలు చూసుకుని తీసి, పేజీలు వాటంతటవే వదులైన చోటల్లా ఇరవై పేజీలకోసారి అచ్చులేని తెల్లకాగితం పెట్టి, ఫ్యాను గాలికి నిలబెట్టాలి. కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. ఇంకు పెన్నుతో రాసిన పేజీ ఉంటే వరద రాకముందే ఫొటో తీసి ఉంచుకోవాలి. పెళ్లి ఫొటోలకు ఇస్త్రీపెట్టె తగిలించొద్దు.

పెళ్లి కాగితం పోయినవాళ్లకు ఇంకో దారి ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్లిళ్లు చర్చి రిజిస్టరులో ఉంటాయి, అక్కడి నుంచి సర్టిఫికెట్ నకలు తీసుకోవచ్చు. అయితే ఆ రిజిస్టరు కూడా అదే వీధిలోని పాస్టరు గారి ఇంట్లో కింది అరలో ఉంటే అదీ మునుగుతుంది. స్కాన్ చేసి వేరే ఊళ్లో ఒకచోట దాచడం ఏ కమిటీకైనా ఒక పూట పని.

ఆ వరదలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్లకు ఆశ్చర్యం ఉండదు. లెక్కలు రాసేవాళ్లు వచ్చినప్పుడు తలుపు తాళం వేసి ఉంటుంది. అద్దెకున్నవాళ్ల పేరు బదులు యజమాని పేరు ఎక్కుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసి ఉండదు. ఇక్కడ సంఘం చేయగలిగింది చాలా ఉంది. చదువుకున్న యువకులు ఇద్దరు వార్డు సచివాలయం జాబితాలో తమ వీధి పేర్లు సరిచూసి, లేనివాళ్ల చేత అర్జీ పెట్టించి రసీదు తీసుకోవడం, ముసలివాళ్లను బ్యాంకుకు తీసుకెళ్లడం. గోడ మీది బురద గీత కడగకముందే ఇంటి నంబరు కనిపించేలా ఫొటో తీసి ఉంచితే ఆ అర్జీకి బలం.

డబ్బు పోగుచేసేటప్పుడు బైబిల్లోని అపొస్తలుడు పౌలును అనుకరించడం మంచిది. యెరూషలేము కోసం చందా ఎత్తినప్పుడు తన మీద ఎవరూ నింద వేయకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు. పాస్టరు గారి ఫోన్‌పే నంబరు ఒక్కటే పెట్టడం అందుకు విరుద్ధం. అమెరికా నుంచి వచ్చే డబ్బుకు ఇంకా జాగ్రత్త కావాలి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. దాన్ని ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదున్న సంస్థ న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి, 2020 సవరణ తర్వాత మరో సంస్థకు మళ్లించడానికీ వీల్లేదు. కొడుకు నేరుగా తల్లికి పంపుకోవడానికి ఈ చిక్కు లేదు. దగ్గరి బంధువుల నుంచి ఏడాదికి 10 లక్షల వరకు ప్రభుత్వానికి తెలపాల్సిన పని కూడా లేదు. చిన్న సంఘానికి సులువైన దారి అదే.

సాయం జాబితాలో పక్కింటి హిందూ, ముస్లిం కుటుంబాల పేర్లూ ఉండాలి. సింగ్‌నగర్ లాంటి చోట ఒకే గోడకు రెండు వైపులా రెండు మతాలు, బురద మాత్రం ఒకటే. సరుకులిచ్చే చోట ప్రార్థన పెట్టడం, కరపత్రం చేతిలో పెట్టడం వద్దు. వాళ్లు అడిగితే వేరే సంగతి. ఇచ్చిన చేతిని అనుమానంతో చూసే రోజుల్లో, ఆ అనుమానానికి తావివ్వడం తర్వాతి వరదలో సాయం చేసే వీలు కూడా పోగొట్టుకోవడమే.

చివరికి డిసెంబరు వస్తుంది. క్రిస్మస్‌కు ఇల్లు తెల్లబరచడం మన ఇళ్ల ఆనవాయితీ, పైగా ఆ మరక కనపడకూడదన్న ఆరాటం. వారం రోజులు నానిన ఇటుక గోడ పైకి ఆరినా లోపల నెలల తరబడి తడే. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే సంక్రాంతికల్లా పెచ్చులూడుతుంది. అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కను గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి, పొద్దున లోపలివైపు చూడాలి. చెమ్మ పట్టి ఉంటే పెయింటరును ఈ ఏడాదికి వద్దనండి. ఆగలేకపోతే గాలాడే సున్నం ఒక పూత చాలు. నక్షత్రం కట్టడానికి దండెం తీగ ఉంది.