చివరి అంకంలో చావు తప్పనిసరి

ఇంగ్లిషులో సామాజిక స్పృహ నాటకాన్ని పెంచి పెద్ద చేసింది ఎవరంటే అందరూ బెర్నార్డ్ షా పేరే చెబుతారు. పాపం, రాజభవనంలో పెద్ద అధికారి అయిన లార్డ్ చాంబర్లేన్ కార్యాలయాన్ని తలచుకునే నాథుడే లేడు. 1737 నుంచి 1968 దాకా ఆ కార్యాలయం సరేననందే లండన్‌లో కొత్త నాటకానికి తెర లేవలేదు.

పద్ధతి తేలికే. ప్రదర్శనకు కనీసం ఏడు రోజుల ముందు రాతప్రతి పంపాలి. షా కాలంలో మూడంకాలు, ఆపైన ఉంటే రుసుము రెండు గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు), చిన్న నాటకమైతే ఒకటి. పరీక్షకుడు చదివి మాటలన్నా కొట్టేస్తాడు, నాటకాన్నన్నా కొట్టేస్తాడు. ఎందుకని అడిగే హక్కు లేదు, అప్పీలూ లేదు.

ఇక లోపల ఏముండాలి? మచ్చపడ్డ గతం ఉన్న ఆడది ఉండొచ్చు, చివర్లో చస్తే చాలు. 1893లో పినెరో గారి నాటకంలో మిసెస్ టాంకరే ఆత్మహత్య చేసుకుని మర్యాదగా లైసెన్సు తెచ్చుకుంది. అదే ఏడు షా రాసిన మిసెస్ వారెన్ మాత్రం వేశ్యాగృహాలు నడుపుతుంది, లెక్కలు చూసుకుంటుంది, చావదు. ఆ నాటకంలో చావు లేదని కాదు. ఆమె తోబుట్టువొకతె బుద్ధిమంతురాలు, సీసం తెల్లరంగు ఫ్యాక్టరీలో రోజుకు పన్నెండు గంటలు, వారానికి తొమ్మిది షిల్లింగులకు పనిచేసి విషమెక్కి పోయింది. పోవలసిన మనిషి ఉండి, ఉండవలసిన మనిషి పోతే లైసెన్సు ఎలా ఇస్తారు? ఇంగ్లండులో అది బాహాటంగా ఆడేసరికి 1925 వచ్చింది.

దొడ్డిదారి లేకపోలేదు. టికెట్లు అమ్మకుండా సంఘం పెట్టి, సభ్యత్వం అమ్మితే అది ఇంట్లో పేరంటం కిందే లెక్క. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 'గోస్ట్స్' 1891లో అలాగే ఆడింది. మిసెస్ వారెన్ కూడా 1902లో ఆ గుమ్మంలోంచే వచ్చింది.

మరో ఇంగ్లిషు నాటకకర్త గాల్స్‌వర్దీ మరీ గడుసు. ఆయన 'జస్టిస్' (1910)లో ఫాల్డర్ అనే గుమాస్తా చెక్కు మీద తొమ్మిదిని తొంభై చేస్తాడు. ఇంగ్లిషులో చివర రెండక్షరాలు కలిపితే అయిపోతుంది. దానికి మూడేళ్ల కఠిన శిక్ష. జైలు గదిలో ఒంటరిగా ఉన్న దృశ్యంలో ఒక్క మాట లేదు. ఎక్కడో ఎవరో తలుపు బాదుతారు, చివరికి ఇతనూ బాదుతాడు. బాదుడును పెన్సిలుతో ఎలా కొట్టేస్తారు? ఆ నాటకం చూశాక హోం మంత్రి చర్చిల్ ఒంటరి నిర్బంధం గడువు తగ్గించాడు. ఇంత గొడవ చేసిన నాటకానికి లైసెన్సు ఎలా వచ్చిందంటారా? ఫాల్డర్ చివరి అంకంలో చచ్చిపోతాడు లెండి.