పై వ్యూను లాగేయమనే చిట్కాతో వచ్చే చిక్కులు

ఐఫోన్ యాప్‌లు తయారుచేసే యాపిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్‌లో తెరలను డిజైన్ చేసే స్టోరీబోర్డులో వ్యూలు (బటన్, బొమ్మ లాంటి తెర మీది భాగాలు) ఒకదాని మీద ఒకటి పడితే ఏం చేయాలో చెప్పే చిట్కా ఒకటి బాగా తిరుగుతోంది: "పై వ్యూను పక్కకు లాగండి, లేదా హిడెన్ టిక్ పెట్టండి. పని అయ్యాక యథాస్థానంలో పెట్టేయండి. అవుట్‌లైన్ లిస్టులో పైనున్నదే తెర మీదా పైన ఉంటుంది. రన్‌లో వరుస తప్పితే జెడ్‌పొజిషన్ పెంచండి."

అవుట్‌లైన్ లిస్టు (వ్యూలన్నిటినీ వరుసగా చూపే జాబితా) సంగతి తలకిందులు. ఒకే పేరెంట్ (వాటిని తన లోపల పెట్టుకున్న వ్యూ) కింద ఉన్నవాటిలో లిస్టు చివర ఉన్నదే అన్నిటికన్నా ముందు కనిపిస్తుంది. డిజైన్ టూల్ ఫిగ్మాలో లేయర్ల వరుస దీనికి రివర్సు కాబట్టి అక్కడి అలవాటుతో వచ్చినవాళ్లు తికమకపడతారు.

లాగడంలో అసలు ప్రమాదం వదిలేచోట ఉంది. అక్కడ ఇంకో వ్యూ ఉంటే మీది దానికి సబ్‌వ్యూ (లోపలి వ్యూ) అయిపోతుంది. పేరెంట్ మారగానే పాత పేరెంట్‌తో ఉన్న కన్‌స్ట్రెయింట్లు (చోటు, సైజు తేల్చే నియమాలు) పోతాయి, వెనక్కి లాక్కొచ్చినా అవి తిరిగి రావు. అన్‌డూ ఒక్కటే దిక్కు. ఇంతకీ లాగాల్సిన పనే లేదు. షిఫ్ట్, కంట్రోల్ నొక్కి పట్టి క్లిక్ చేస్తే పాయింటర్ కిందున్న వ్యూలన్నీ మెనూలా వస్తాయి. కావలసినదాన్ని ఎంచుకుని ఇన్‌స్పెక్టర్లలో (పక్కనుండే సెట్టింగుల ప్యానెళ్లలో) మార్చుకోండి.

హిడెన్ డిజైన్ వరకే పరిమితమైన స్విచ్ కాదు. ఫైల్లో సేవై యాప్‌లోనూ అమలవుతుంది. టిక్ తీయడం మరిస్తే ఏ ఎర్రరూ రాదు, వ్యూ కనిపించదు, అంతే. దాని కన్‌స్ట్రెయింట్లు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. స్టాక్ వ్యూలో (వ్యూలను వరుసగా పేర్చే వ్యూ) అయితే చోటు కూడా మూసుకుపోయి మిగతా వ్యూలు అక్కడికి జరుగుతాయి. నిజానికి చాలామందికి కావలసింది ఉల్టా: ఎర్రర్ బ్యానర్ డిజైన్‌లో కనిపించాలి, యాప్‌లో మొదట దాగి ఉండాలి. అందుకు ఐడెంటిటీ ఇన్‌స్పెక్టర్‌లోని యూజర్ డిఫైన్డ్ రన్‌టైమ్ ఆట్రిబ్యూట్స్‌లో ఒక వరుస చేర్చి, కీ పాత్‌గా hidden అని ఇంగ్లీషులో అన్నీ చిన్న అక్షరాల్లో రాసి, టైప్ బూలియన్ పెట్టి టిక్ చేయండి. తెరంతా కమ్మే లోడింగ్ ఓవర్‌లేను సీన్ (స్టోరీబోర్డులోని ఒక తెర) పైనున్న డాక్ అనే పట్టీలోకి వేసి విడిగా దిద్దుకోవడం ఇంకా సుఖం. కాకపోతే దానికి అవుట్‌లెట్ (కోడ్‌కు లంకె) కలిపి కోడ్‌లో యాడ్‌సబ్‌వ్యూ పిలవాలి, కన్‌స్ట్రెయింట్లూ అక్కడే రాయాలి.

జెడ్‌పొజిషన్ (వ్యూను ఎంత ముందు గీయాలో చెప్పే అంకె) గీసే వరుసనే మారుస్తుంది. టచ్ ఎవరికి చెందాలో తేల్చేది సబ్‌వ్యూల వరుస. అందుకే బటన్ పైన కనిపిస్తున్నా నొక్కితే సబ్‌వ్యూల వరుసలో దాని తర్వాతున్న వ్యూకే టచ్ పోతుంది. అవుట్‌లైన్‌లో బటన్‌ను కిందికి దించండి, లేదా కోడ్‌లో బ్రింగ్‌సబ్‌వ్యూటుఫ్రంట్ వాడండి.