చెరువు మందు డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డబ్బా గారికి,

ఆకివీడు పక్క చెరువుగట్టు మీంచి రాసుకుంటున్న విన్నపం. చేపల చెరువు నీటిని బాగుచేసే సూక్ష్మజీవులున్నాయంటూ అమ్ముడుపోయే ప్రొబయాటిక్ మందు తమరు. బెల్లంనీళ్లలో మిమ్మల్ని నానబెట్టిన వాసన మా ఇంటిల్లిపాదికీ పట్టేసింది.

తెల్లవారుజామున నాలుగింటికి బొచ్చెలు, శీలావతులు నీటి మీద మూతులు పెట్టి గుటకలేస్తుంటాయి. కాపలా కుర్రాడి ఫోను: 'చేప తేలిపోయిందండీ!' షాపాయన్ని నిద్రలేపి, మిమ్మల్ని బండెక్కించి, పడవ మీంచి చల్లేసరికి ఏడవుతుంది. ఎనిమిదింటికల్లా చేపలు కిందకు దిగిపోతాయి. అందరూ మీకే దణ్ణం పెడతారు.

మధ్యలో ఎండొచ్చిన సంగతి ఎవరికీ పట్టదు. నీటికి పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్ పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి చేపలతోపాటు అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారేముందు డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుండాల్సింది 2కి పడితే బొచ్చె మాత్రం ఏం చేస్తుంది? ముసురు రోజైతే మరీను. పని సూర్యుడిది, బిల్లు మీది. పాపం, ఆయనకు డీలర్‌షిప్ లేదు. (ఆక్సిజన్ బిళ్లల సంగతి వేరు, అవి కాసేపైనా పనిచేస్తాయి. నేను మాట్లాడేది మీతో.)

మీ కుటుంబమూ పెద్దదే. నీరు చిక్కబడిందని మీ అన్నగారు దిగి ప్లాంక్టన్‌ని ఒక్క దెబ్బకు చంపుతారు. చచ్చింది కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ కాస్తా లాగేస్తుంది. అప్పుడు తమ్ముడుగారు. అడుగున అమ్మోనియా చేరితే బావమరిదిగారు. మీలోని సూక్ష్మజీవులకూ ఊపిరి కావాలని, తెల్లవారుజామున పోస్తే అవీ చేపలతో పోటీపడతాయని చెప్పరేం?

చేపల మేతకు చెరువులో కట్టే చిల్లుల సంచుల్లో నిన్నటి తవుడు మిగిలినా ఇవాళ మళ్లీ నింపుతున్నంత కాలం మీకు ఢోకా లేదు. మా మావయ్య మోచేతి దాకా చెయ్యి ముంచి చూసేవాడు. నీటి పచ్చదనానికి అరచెయ్యి కనబడకపోతే ప్లాంక్టన్ పెంచడానికి వేసే కోడిపెంట ఇక బంద్. ఆ పరీక్షకు ఖర్చల్లా చొక్కా చెయ్యి మడవడమే. అందుకే కాబోలు దానికి గిరాకీ లేదు.

చెడిన నీటిని మురుగు కోడులోకి తోడేస్తే, దిగువ చెరువాయన అదే నీటిని మోటారు పెట్టి ఎక్కించుకుంటాడు. మర్నాడు ఆయన గట్టు మీదా మీరే. ఉప్పుటేరు చేరేలోపు ఒకే మురుక్కి ఎన్నిసార్లు బిల్లు పడుతుందో!

ఒక్క పందెం. ఈసారి ముసురు రాత్రి రెండింటికి రండి. డీఓ మీటరు పట్టుకుని గట్టు మీద నేనుంటాను. నీటిలో గాలి కలిపే ఏరేటర్ తిప్పకముందు, గంటలోపు మీ వల్ల అంకె 1 పెరిగితే, షాపు బాకీ చేపల పట్టుబడి దాకా ఆగకుండా వడ్డీతో సహా కట్టేస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు