ప్రాంప్టులు ఎన్ని ఇచ్చినా కర్తృత్వం రాదు

కృత్రిమ మేధతో చేసిన బొమ్మకు హక్కుదారు ఎవరన్న చర్చ వచ్చిందంటే చాలు, కెమెరా ఉదాహరణ ముందుకొస్తుంది. ఫొటో తీసేదీ యంత్రమే కదా, దానికిచ్చిన కాపీరైట్ దీనికెందుకు ఇవ్వరని అడుగుతారు. ఫొటోకు హక్కునిచ్చిన 1884 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చదివితే ఈ వాదన నిలవదు. రచయిత ఆస్కార్ వైల్డ్‌ను ఎలా కూర్చోబెట్టాలి, దుస్తులేమిటి, వెనుక తెర ఎలా ఉండాలి, వెలుగునీడలు ఎక్కడ పడాలి అన్నవన్నీ ఫొటోగ్రాఫర్ నెపోలియన్ సరోనీ నిర్ణయించాడు. కోర్టు గుర్తించింది ఆ నిర్ణయాలను.

2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి పొందిన ఏఐ చిత్రం కోసం కనీసం 624 ప్రాంప్టులు, అంటే యంత్రానికి రాసిచ్చే సూచనలు, ఇచ్చానని జేసన్ అలెన్ చెప్పాడు. యంత్రం గీసిన భాగంపై హక్కు వదులుకోనన్నాడు, 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం నమోదుకు నిరాకరించింది. అన్నిసార్లు అడగడం శ్రమే, కాదనను. కానీ అడిగిన మాటకూ వచ్చిన గీతకూ మధ్య ఎంపికలన్నీ యంత్రమే చేసింది. శ్రమపడ్డ ప్రతివారూ కర్తలైతే, ఇలా ఉండాలని పదేపదే చెప్పి బొమ్మ వేయించుకున్నవారు చిత్రకారులైపోతారు.

అదే ఏడాది ఒక బొమ్మల కథల పుస్తకం విషయంలో ఆ కార్యాలయం చేసిన విభజన నాకు న్యాయంగా తోచింది. మాటలకూ, బొమ్మల కూర్పుకూ హక్కు రచయితకిచ్చి, మిడ్‌జర్నీ అనే ఏఐ సాధనం వేసిన బొమ్మలను పక్కనపెట్టింది. కంప్యూటర్ తయారుచేసిన కృతికి దాన్ని చేయించినవారే కర్త అని భారత చట్టం 1994 సవరణ నుంచీ చెబుతోంది. కంప్యూటర్ పనిముట్టుగా ఉన్న రోజుల మాట అది. ఇప్పుడు ఆ ‘చేయించడం’ ఎంతవరకో తేల్చక తప్పదు.

యంత్రాన్నే కర్తగా చూపిన స్టీఫెన్ థేలర్ దరఖాస్తును 2025లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు తోసిపుచ్చింది. కాపీరైట్ గడువును కర్త జీవితకాలంతో లెక్కిస్తారు, అది వారసులకు దక్కుతుంది, బదిలీకి సంతకం కావాలి. యంత్రానికి ఇవేవీ లేవు. రేపు యంత్రం రాసినదాంట్లో మరొకరి వాక్యం దొరికితే జవాబు చెప్పడానికీ మనిషే కావాలి.

పత్రికకు రచన పంపేటప్పుడు కవిత నాది, బొమ్మ ఏఐది అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. అమెరికాలో కాపీరైట్ నమోదు చేయించుకునేవారు ఏఐ వాటా నామమాత్రం కంటే ఎక్కువ ఉంటే 2023 నుంచీ ఆ సంగతి చెప్పాల్సిందే. సొంతంగా రాసి పంపేవారి పట్ల గౌరవంతోనైనా మన పత్రిక ఈ వివరం అడగాలి. వచ్చే సంచిక నుంచే మొదలుపెట్టాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.