మేనరికాలు మానితే సరిపోతుందా?

మేనరికాలు మానేస్తే పుట్టబోయే పిల్లలకు జన్యువ్యాధుల బెడద తీరిపోతుందని మీరు ప్రచురించిన ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట సగమే నిజం. మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి, ఒకే జన్యులోపం ఇద్దరిలోనూ దాగి ఉండి, బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం తప్పకుండా పెరుగుతుంది. అయితే దగ్గరి బంధుత్వం ఏదీ లేని వధూవరులు కూడా, తరతరాలుగా ఒకే కులంలో సంబంధాలు కలుపుకుంటూ వచ్చిన కుటుంబాల వారైతే, కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన అదే లోపాన్ని మోస్తూ ఉండవచ్చు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం ఈ సంగతినే వివరించింది. ఉదాహరణకు, వైశ్యులలో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. మామూలు జీవితంలో వారికి ఏ ఇబ్బందీ కనిపించదు గానీ, ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే, దాన్ని విచ్ఛిన్నం చేసే ఈ ఎంజైము లేనందువల్ల, నిమిషాల్లో తగ్గవలసిన దాని ప్రభావం గంటల తరబడి నిలిచిపోయి, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఊపిరి అందించవలసి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే ఆ విషయం మత్తు డాక్టరుకు ముందే చెప్పి తీరాలి. (ఇది ఏ కులానికీ మచ్చ కాదు.)

తల్లిదండ్రులిద్దరూ థలసీమియా (తీవ్ర రక్తహీనత కలిగించే జన్యువ్యాధి) వాహకులైతే, అంటే వ్యాధి లేకపోయినా ఆ లోపాన్ని మోస్తున్నవారైతే, నలుగురు పిల్లల్లో ఒకరికి వ్యాధి వస్తుందని కూడా వ్యాసంలో రాశారు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని దీన్ని అర్థం చేసుకునేవారు ఉంటారు. నిజానికి ప్రతి గర్భంలోనూ ఆ 25 శాతం అవకాశం మళ్లీ అంతే ఉంటుంది. పెళ్లికి ముందు ఇద్దరూ, థలసీమియా వాహకులను గుర్తించే హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చేయించుకోవాలన్న సూచనను వ్యాసంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.