కొట్టుకుపోయిన ప్రకాశం బ్యారేజీ

గుంటూరు బ్రాడీపేటలో ఎవరైనా ఒక మాట అంటే చాలు, ఆ సంగతి అక్కడికక్కడే గతించిపోతుంది. నమ్మకపోతే ఏ కోచింగ్ సెంటర్ ఇంగ్లీషు మెటీరియల్లోనైనా డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్ చేసే పేజీ, అంటే ఒకరన్న మాటని మన మాటల్లో తిప్పి చెప్పే పేజీ తీయండి. బయట ‘సెడ్’ కనిపిస్తే లోపలున్నదాన్నంతా పాస్ట్‌లోకి తోసెయ్యాలి. ఈజ్ కాస్తా వాజ్, విల్ కాస్తా వుడ్. దీనికి అప్పీలు లేదు.

మా పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. బ్యారేజీ విజయవాడలో ఉందని టీచర్ అన్నట్టు రాయమంటే ‘ఈజ్’ని కదపకుండా రాసింది. మార్కు కొట్టేశారు. వాజ్ అనాలట! 1957 నుంచి కృష్ణ మీద నిలబడి, ఎన్ని వరదలొచ్చినా తట్టుకున్న బ్యారేజీ ఎవరో నోరు విప్పినందుకు కొట్టుకుపోయింది.

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న వాక్యం జోలికి మాత్రం వెళ్లకూడదు. అది యూనివర్సల్ ట్రూత్. ఈ హోదా ఇచ్చే కమిటీ ఎక్కడ కూర్చుంటుందో చెబితే బ్యారేజీ తరఫున ఒక అర్జీ పెట్టుకుంటాం. అయినా హోదాలతో మన అనుభవం తెలిసిందేగా. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రత్యేక హోదా గురించి పలికిన ‘విల్’ ఒక్కటే, రూలు తప్పకుండా ‘వుడ్’ అయి కూర్చుంది.

ఇంతటితో వదిలారా? హియర్‌ని దేర్ చెయ్యాలి, నౌని దెన్ చెయ్యాలి. పైగా ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడాలని సెంటరు వారి ఆజ్ఞ. ఇక చూడండి. వంటింట్లోంచి తల్లి కేకేస్తుంది, ఇక్కడ గ్యాస్ లీకవుతోంది, ఇప్పుడే నాన్నని రమ్మను అని. పిల్లాడు హాల్లోకొచ్చి శాస్త్రోక్తంగా మార్చి చెబుతాడు. తాత్పర్యం: అక్కడ గ్యాస్ లీకవుతూ ఉండెననీ, అప్పుడే తమరు రావలెననీ అమ్మ పలికెను.

“అక్కడంటే ఎక్కడరా?”

“అక్కడే నాన్నా.”

“అప్పుడంటే ఎప్పుడు?”

“అప్పుడే.”

అయితే అయిపోయిందన్నమాట అనుకుని తండ్రి పేపరు తిప్పుతాడు. తల్లి ఈసారి గావుకేక పెడుతుంది. అది ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో’ కిందికొస్తుందా, ‘విత్ జాయ్’ కిందికొస్తుందా తేలక వాడు గుమ్మంలోనే ఆగిపోతాడు. ఆశ్చర్యార్థకానికి రెండే ఆప్షన్లు మరి.

ఇంగ్లీషువాళ్లకి ఈ అవస్థ లేదు. అన్న సంగతి ఇప్పటికీ నిజమే అయితే ఈజ్ ఉంచుతారు, వాజ్ అన్నా ఒప్పుకుంటారు. ఆ మాటని తామూ నిలబెట్టదలిచారా, అన్నవాడి మీదికే తోసెయ్యదలిచారా అన్నదాన్నిబట్టి ఎంచుకుంటారు. ఎంచుకోవాలంటే ఆలోచించాలి. ఆ అమ్మాయి ఆలోచించింది. అదే ఆమె నేరం. ఎందుకు తప్పు సార్ అని అడిగినందుకు, నువ్వు నాకు చెప్తావా అంటూ క్లాసంతా చూస్తుండగా నిలబెట్టి, ఆ వాక్యాన్నే వాజ్‌తో యాభైసార్లు రాయించారు. వేలకు వేలు ఫీజులు గుంజి, బుర్రపెట్టి రాసిన పిల్లని అందరిముందూ తల దించుకునేలా చేస్తారా? సిగ్గుండక్కర్లేదా? కీలో లేని జవాబు దిద్దడం చేతకాకపోతే ఎర్రపెన్ను పక్కన పడెయ్యండి.

ముందు ఆ పిల్లకి బాకీపడ్డ మార్కు వెయ్యండి, అదీ క్లాసంతా చూస్తుండగానే.